సల్మానియాలో షడ్రుచులు

పరదేశంలో ఇద్దరు తెలుగువాళ్ళు మొదటిసారి కలుసుకుంటే అయిదు నిమిషాలలో మూడు ప్రశ్నలు వచ్చి తీరతాయి. "మీది ఏ ఊరండీ?", "ఇక్కడికి వచ్చి ఎన్నాళ్ళయింది?", "గోంగూర ఎక్కడ దొరుకుతుందండీ?" మొదటి రెండింటికీ ఎవరి జవాబు వారిది. మూడోదానికి మాత్రం ఊరందరిదీ ఒకటే జవాబు. అదీ గుసగుసగా చెబుతారు, ఎక్కువమందికి తెలిస్తే కట్టలు మిగలవని!

మేముండేది సల్మానియాలో. మనామా పట్టణంలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఉన్న పేట ఇది. టాక్సీ ఎక్కి "సల్మానియా" అంటే చాలు, "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అన్నట్టు డ్రైవరు అద్దంలోంచి మన ముఖంలోకి చూస్తాడు. విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రి మెట్లు ఎక్కీ దిగీ వైద్యం నేర్చుకున్నవాళ్ళం కనుక, ఏ దేశం వెళ్ళినా మా కాపురం ఆసుపత్రి చుట్టుపక్కలే. పొద్దున అరబ్బీలో "ఎక్కడ నొప్పి?" అని అడిగి, సాయంత్రం ఇంటికొచ్చి తెలుగులో "కూరేమిటి?" అని అడగడంతో రోజు గడిచిపోతుంది.

ఈ నాలుగు మాటలూ రాయడంలో మా ఉద్దేశాలు రెండు. ఇక్కడి తిండి మనకు పరాయిది కాదని చెప్పడం ఒకటి. మన పండుగ ఇక్కడ ఎవరితో కలిసి చేసుకోవాలన్నది రెండవది. మొదటిది సరదాగా చదవండి. రెండవది చదివాక కాస్త ఆలోచించండి.

రూపాయి దేశం

బహ్రెయిన్ మనకు కొత్త కావచ్చు గాని, మనం బహ్రెయిన్‌కు కొత్త కాదు. ఒకప్పుడు ఈ దీవిలో చెల్లుబడి అయింది మన రూపాయే. 1959లో భారత ప్రభుత్వం ఈ ప్రాంతం కోసం ప్రత్యేకంగా గల్ఫు రూపాయి నోట్లు వేసింది. 1965లో బహ్రెయిన్ దీనారు వచ్చినప్పుడు పది రూపాయలకు ఒక దీనారు చొప్పున మార్చారు. దీనారుకు వెయ్యి ఫిల్సులు. అంటే పాత రూపాయి వంద ఫిల్సులన్న మాట. ఆ లెక్క ఇంకా జనం నోట నిలిచే ఉంది. వంద ఫిల్సుల నాణేన్ని పెద్దవాళ్ళు ఇప్పటికీ "రూబియా" అంటారు. అరబ్బీలో "ప" అనే అక్షరం లేదు కనుక మన రూపాయి రూబియా అయింది. ఆ కారణంగానే పంకా "బంకా" అయింది. ఆలూ, అచార్ అనే మాటలు మాత్రం ఏ మార్పూ లేకుండా ఇక్కడి ఇళ్ళలో స్థిరపడిపోయాయి. మొదట్లో మేము కూరగాయల కొట్టులో బంగాళాదుంపను అరబ్బీలో ఏమంటారా అని తడుముకుంటుంటే, కొట్టువాడు నవ్వి "ఆలూ" అన్నాడు. అరబ్బీ ఇంత సులువా అని మురిసిపోయాం. ఆ మురిపెం మర్నాడు వార్డులో ఒక ముసలమ్మ గడగడా మాట్లాడేదాకా నిలిచింది.

1932లో ఇక్కడ చమురు పడింది. గల్ఫుకు అరబ్బులవైపు ఒడ్డున మొదట చమురు బయటపడింది ఈ దీవిలోనే. అంతకు ముందు బతుకంతా ముత్యాల మీద. ముత్యాలు పడవల మీద బొంబాయి వెళ్ళేవి. బియ్యం, బట్టలు, మసాలా దినుసులు తిరుగు పడవల్లో వచ్చేవి. సింధు దేశపు థట్టా నుంచి వచ్చిన భాటియా వర్తకులు 1817లో మనామా బజారులో కట్టుకున్న శ్రీనాథ్‌జీ గుడిలో ఈనాటికీ హారతి గంట మోగుతోంది. ఇన్నేళ్ళ రాకపోకల తరవాత ఇక్కడి పోపుల పెట్టెలో మన వాసన రావడం వింత కాదు. రాకపోతేనే వింత.

వంటింటి చుట్టరికాలు

ఖుబ్జుతో మొదలుపెడదాం. మట్టి తందూరులో, గుడ్డ దిండు మీద పరచిన పిండిని గోడకు చరిచి, ఇంతలో ఊడదీసి చేతిలో పెట్టే రొట్టె అది. తెల్లవారుజామున నైట్ డ్యూటీ దిగి వస్తూ ఒక రూబియా ఇచ్చి, వేడివేడి ఖుబ్జులు కాగితంలో చుట్టించుకుని ఇంటికి రావడం మా భోగాలలో ఒకటి. దానికి ముద్దపప్పూ, కాసిన్ని ఆవకాయ ముక్కలూ జోడించి చూడండి. ఇడ్లీని పక్కన పెట్టమని మేము అనం గాని, ఇడ్లీ కాస్త ఉడుక్కుంటుందని మాత్రం చెప్పగలం.

మచ్బూస్ ఈ దేశపు ఇంటి వంట. మాంసమో చేపో దినుసులతో ఉడికించి, ఆ నీళ్ళలోనే బియ్యం వండుతారు. మన పులావుకు పినతల్లి కూతురు. దాని ప్రాణం లూమీలో ఉంది. నిమ్మకాయలను ఉప్పునీళ్ళలో ఉడికించి నల్లబడేదాకా ఎండబెడతారు, దాన్నే లూమీ అంటారు. చూడడానికి ఎండిన వక్కకాయలా ఉంటుంది. వాసన చూస్తే మన ఎండు నిమ్మకాయ ఊరగాయ జాడీ మూత తీసినట్టుంటుంది. చింతపండు అయిపోయిన ఒక రోజున మా ఇంట్లో రెండు లూమీలు చీల్చి, గింజలు తీసి పప్పుచారులో వేశారు. గింజలుంటే చేదు వస్తుంది, అది మరవకండి. ఇంగువ పోపు పడ్డాక ఆ చారు రుచి చూసి పిల్లలు రెండోసారి అడిగారు. అప్పటినుంచి చింతపండు ఉన్నా లూమీ చారు కాస్తున్నాం.

ముహమ్మర్ సంగతి వేరు. బియ్యాన్ని ఖర్జూరపు పాకంతోనో చక్కెరతోనో తియ్యగా వండి, యాలకులూ కుంకుమపువ్వూ వేసి, వేయించిన సాఫీ చేపతో తింటారు. బెల్లపు పరమాన్నంలో చేపల వేపుడు నంజుకున్నట్టన్న మాట! మొదటిసారి మా ముఖాలు చూసి వడ్డించినావిడ చాలాసేపు నవ్వింది. కాని రోజంతా సముద్రంలో మునిగి లేచే ముత్యాల మనుషులకు సత్తువనిచ్చిన తిండి అది. రెండోసారి తిన్నప్పుడు దాని కిటుకు తెలిసింది. ఉప్పు చేప, తీపి అన్నం ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ఉగాది పచ్చడి తినే జాతికి ఇది అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

మహ్యావా అని ఇంకొకటి ఉంది. చిన్న చేపలను ఉప్పూ, ఆవాలూ, సోపూ, ధనియాలూ కలిపి జాడీల్లో ఊరబెట్టి తీసిన రసం. ఖుబ్జు మీద పూసుకుని తింటారు. వాసన ఘాటు. మొదటి రోజు వీధి చివరికి పారిపోవాలనిపిస్తుంది. కాని ఆవపిండి, ఉప్పు, ఎండ, జాడీ, ఓపిక అనే అయిదింటి విద్య మనకు కొత్తా? ఎండుచేపల పులుసు మరిగే వీధిలో పెరిగినవాళ్ళెవరూ మహ్యావాను చూసి ముక్కు మూసుకునే హక్కు ఉన్నవాళ్ళు కారు.

బజారులో ఎండబెట్టి అమ్మే ఎర్రటి కర్కదే పువ్వులు గోంగూర జాతివే. వాటిని మరిగించి చక్కెర వేసి చల్లగా తాగుతారు. లబన్ డబ్బాలో ఉన్నది మజ్జిగే. అల్లం, కరివేపాకు, పచ్చిమిర్చి నలిపి వేస్తే ఏ డబ్బాలోంచి వచ్చిందో అత్తగారు కూడా కనిపెట్టలేరు. చేపల బజారులో కనద్ అంటే వంజరం, జుబైదీ అంటే చందువ, రుబియాన్ అంటే రొయ్యలు. కాని రూబియా ఇస్తే రుబియాన్ రాదు, దానికి దీనార్లే కావాలి. ఇక ఇక్కడి హల్వా. గంజిపిండి, పంచదార, కుంకుమపువ్వు, జీడిపప్పు వేసి గంటలకొద్దీ కలియబెట్టి చేస్తారు. మా విశాఖ జిల్లావాళ్ళు ఒక ముక్క నోట్లో వేసుకుంటే "ఇది మాడుగుల నుంచి ఎప్పుడొచ్చింది?" అనడం ఖాయం. మాడుగులది గోధుమ పాల హల్వా, దీని దారి వేరు. అయినా గరిటె తిప్పే చేతి నొప్పి ఇద్దరిదీ ఒకటే.

రెండు నెలవంకలు

తిండి సంగతి సరే, పండుగ మాట కొద్దాం. ఇక్కడ వారాంతపు సెలవు 2006 దాకా గురు, శుక్రవారాలు. ఆ తరవాత శుక్ర, శనివారాలు. పండుగ ఏ వారం వచ్చినా సంఘం వేడుక మాత్రం శుక్రవారం నాడే. సోమవారపు సంక్రాంతికీ శుక్రవారమే, బుధవారపు దీపావళికీ శుక్రవారమే. మన పండుగలలో బహ్రెయిన్ సెలవుతో ఏనాడూ పేచీ లేనిది వరలక్ష్మీ వ్రతం ఒక్కటే. అమ్మవారు ముందుచూపున్న తల్లి!

తిథుల గొడవ మరొకటి. విజయవాడలో సూర్యుడు ఉదయించిన సుమారు రెండు గంటలకు గాని ఇక్కడ ఉదయించడు. సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి పండుగ నిర్ణయిస్తారు కనుక, తిథి ఆ రెండు గంటల మధ్య మారిపోతే ఊళ్ళో ఒక రోజు, ఇక్కడ ఇంకో రోజు పండుగ కావచ్చు. అందుచేత ఊరినుంచి ఫోనులో "ఇవాళే పండగ" అని అమ్మగారూ, "ఇక్కడి లెక్క రేపు" అని అల్లుడుగారూ వాదించుకుంటే ఇద్దరి మాటా నిజమే కావడానికి వీలుంది. ఇంటి శాంతి కోరేవారు రెండు రోజులూ గారెలు వండుకోవచ్చు.

అన్నిటికన్నా ముచ్చటైన విషయం ఉగాదికీ రంజానుకూ ఈమధ్య కుదిరిన నేస్తం. 2022లో శుభకృత్ ఉగాది ఏప్రిల్ 2, శనివారం. ఇక్కడ రంజాను ఉపవాసాలు మొదలైంది ఆ రోజునే. 2023లో శోభకృత్ ఉగాది మార్చి 22. మర్నాడు ఉపవాసాలు మొదలు. 2024లో క్రోధి ఉగాది ఏప్రిల్ 9. అది రంజాను ముప్ఫయ్యవ రోజు, మర్నాడు ఈద్. 2025లో విశ్వావసు ఉగాది మార్చి 30, ఆదివారం. ఈ దేశంలో ఈద్ కూడా ఆ రోజే!

దీని వెనుక మాయ ఏమీ లేదు, చంద్రుడే ఉన్నాడు. మన చాంద్రమాన మాసం అమావాస్య మర్నాడు పాడ్యమితో మొదలవుతుంది. వాళ్ళ నెల నెలవంక కనబడితే మొదలవుతుంది. కనుక రెండు నెలల ఆరంభాలూ ఎప్పుడూ ఒకటి రెండు రోజుల తేడాలోనే ఉంటాయి. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులు. సూర్యుడితో వచ్చే ఆ తేడాను మనం అధికమాసంతో సరిపెడతాం. హిజ్రీ లెక్కలో అధికమాసం లేదు. అందుకే రంజాను ఏడాదికి పదకొండు రోజులు వెనక్కు జరుగుతూ, 33 ఏళ్ళకు ఋతువులన్నీ చుట్టి వస్తుంది. 2022, 2023లలో మన చైత్రమూ వాళ్ళ రంజానూ జంటగా మొదలయ్యాయి. 2023లో మనకు అధిక శ్రావణం వచ్చింది. దాంతో 2024 నుంచి ఉగాది ఒక నెల ముందుకు జరిగి రంజాను చివరకు చేరింది. అధికమాసంతో ఏం పని అని పిల్లలు అడిగితే ఈ లెక్క చెప్పండి. పంచాంగం చదవకపోయినా పడక్కుర్చీలోంచి లేచి కూర్చుంటారు.

2025లో ఆ ఆదివారం మామూలుగా అయితే ఇక్కడ పనిరోజు. ఈద్ పుణ్యమా అని ఉగాదికి సెలవు దొరికింది. అయితే డాక్టర్ల సంగతి వేరు. ఈద్ నాడు వార్డు చూసుకునేది మనం, దీపావళి నాడు మన డ్యూటీ తీసుకునేది వాళ్ళు. ఎక్కడా రాసుకోని ఒప్పందం ఇది, తప్పినవాళ్ళను మేము ఇంతవరకు చూడలేదు. ఆ ఉదయం చిన్న డబ్బాలో ఉగాది పచ్చడి పట్టుకుని డ్యూటీకి వెళ్ళాం. ముందు రోజు వరకు నెలంతా ఉపవాసమున్న నర్సులు ఖర్జూరాలూ, హల్వా, యాలకుల కాఫీ బల్లమీద పెట్టారు. మా డబ్బాలోంచి ఒక చెంచా నోట్లో వేసుకున్న పెద్ద నర్సు కళ్ళు మూసుకుని, "ఇందులో చేదు ఎందుకు వేశారు?" అని అడిగింది. వచ్చే ఏడు అంతా తీపే ఉండదు కనుక, అన్నాం. ఆవిడ కాసేపు ఊరుకుని, "వార్డులో పనిచేసే వాళ్ళకు అది ఏడాదికోసారి చెప్పనక్కరలేదు" అంది.

వేపపువ్వు గురించి ఒక మాట. ఊరినుంచి ఎండబెట్టి తెచ్చుకున్నదే వాడాలని నియమం లేదు. ఈ ఎడారి నేలల్లో వేప బాగానే బతుకుతుంది. మక్కా దగ్గర అరాఫత్ మైదానంలో యాత్రికుల నీడకోసం వేలకొద్దీ వేపచెట్లు పెంచారు. ప్రహరీ దాటి వచ్చిన కొమ్మకు పూత కనబడితే తలుపు తట్టి అడగండి. మేము అడిగాం. పువ్వుతో పాటు టీ కూడా దొరికింది. కొత్త బెల్లం లేకపోతే "దిబ్స్" అనే ఖర్జూరపు పాకం వేయండి. రంగు కాస్త నలుపు, రుచికి లోటు లేదు.

పప్పుబెల్లాలూ, పాలికలూ

రంజాను సగం గడిచిన రాత్రి ఇక్కడి పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని, మెడలో సంచులు వేలాడేసుకుని, పాటలు పాడుతూ ఇంటింటికీ వస్తారు. గింజలు, మిఠాయిలు సంచుల్లో పోయాలి. దీన్ని గర్గాఊన్ అంటారు. దీన్ని చూసి మా పిల్లలు "ఇదేమిటి?" అని అడిగితే, మనకూ ఉండేదని చెప్పాం. దసరా రోజుల్లో బడి పిల్లలు విల్లంబులు పట్టుకుని, అయ్యవారి వెంట పద్యాలు చదువుతూ వీధి వీధీ తిరిగి పప్పుబెల్లాలు పుచ్చుకోవడం మన తాతలందరికీ తెలుసు. మన ఊళ్ళలో అది దాదాపు పోయింది. పోయినదాన్ని పిల్లలకు చూపించాలంటే మనామా సందుల్లోకి తీసుకువెళ్ళవలసి వచ్చింది.

బక్రీదుకు ముందు ఇంకొక వేడుక. చిన్న బుట్టల్లో గింజలు నాటి, మొలకలు పెంచి, పండుగ దగ్గరపడ్డాక పిల్లలు సముద్రపు ఒడ్డుకు వెళ్ళి పాట పాడుతూ నీళ్ళలోకి విసురుతారు. దాని పేరు హియ్యా బియ్యా. పెళ్ళిలో నవధాన్యాలతో పాలికలు పోసి, మొలకెత్తాక నీళ్ళలో కలిపే వాళ్ళకు దీన్ని వివరించాలా? బతుకమ్మను చెరువులో సాగనంపే ఆడపడుచులకు ఆ ఒడ్డున నిలబడితే గొంతు పట్టుకోదూ? ఎవరి దేవుడు వారిదే, ఎవరి పాట వారిదే. పెంచినదాన్ని చేతులారా నీటికివ్వడం మాత్రం ఇద్దరికీ తెలుసు.

బతుకమ్మ మాట వచ్చింది కనుక వైద్యుల హెచ్చరిక ఒకటి. తంగేడు ఇక్కడ దొరకదని రోడ్డు పక్కన విరివిగా పూసే గన్నేరు కోసి పేర్చేవారున్నారు. పేర్చండి, కాని ఆ పువ్వూ ఆకూ పసిపిల్లల నోట్లోకి పోకుండా చూసుకోండి. గన్నేరు విషం గుండెకు పట్టేది.

కాస్త డాక్టరు మాట

వేరే హెచ్చరికలు కూడా ఇక్కడే చెప్పేస్తాం, మళ్ళీ వ్యాసం రాయమని అడక్కుండా.

ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఇక్కడ షుగరు పరీక్ష చేయిస్తే కాగితం మీద "9" అని ఉంటుంది. "తొమ్మిదేనా! నాకు షుగరు పోయింది" అని లడ్డూ అందుకుంటారు. ఇక్కడి లెక్క మిల్లీమోళ్ళలో. దాన్ని 18తో గుణిస్తే మన మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. తొమ్మిది అంటే 162. లడ్డూ కింద పెట్టించండి.

ఉపవాసం చేసే తెలుగు ముస్లిం మిత్రులలో మధుమేహం ఉన్నవారు రంజానుకు నెలా రెండు నెలల ముందే డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోవాలి. ఉపవాసంలో సూదితో రక్తం చూసుకుంటే ఉపవాసం చెడదని మతపెద్దలూ వైద్యులూ కూడా చెబుతున్నారు. చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గినా, 300 దాటినా, చెమటలు పట్టి తల తిరిగినా ఉపవాసం విరమించాలి. కార్తీక సోమవారాలు ఉండే మన అమ్మలకూ ఇదే మాట. చక్కెరకు మతం లేదు.

ఇక్కడ పొద్దున ఫలహారంలో "బాజిల్లా" అనే పెద్ద చిక్కుడు గింజలు తింటారు. రుచిగా ఉంటాయి. కాని జీ-6-పీ-డీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళు వాటిని ముట్టకూడదు, ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. ఆ లోపం ఈ దీవిలో ఎక్కువే, మన దేశంలోనూ ఉంది. పిల్లలకు ఉందో లేదో ఒకసారి రక్తపరీక్షలో చూపించుకుంటే బాజిల్లా గురించే కాక కొన్ని మందుల గురించీ జాగ్రత్త పడవచ్చు.

పందిట్లో లేనివారు

ఇక అసలు మాట. ఈ దీవిలో తెలుగువాళ్ళంటే డాక్టర్లూ, ఇంజనీర్లూ, లెక్కల ఆఫీసుల వాళ్ళూ మాత్రమే కాదు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఎండలో ఇనుప కడ్డీలు వంచేవారున్నారు. కోనసీమ నుంచీ, కడప వైపు నుంచీ వచ్చి ఇళ్ళలో వంటా, పిల్లల పెంపకం చూసేవారున్నారు. సంఖ్యలో వాళ్ళది పెద్ద చెయ్యి. శుక్రవారం నాటి మన వేడుకలో, పట్టుచీరల మధ్య, పిల్లల కూచిపూడి ముందు వరసల్లో వాళ్ళు కనబడటం అరుదు.

వాళ్ళు మాకు కనబడేది వార్డులో. వేసవిలో మధ్యాహ్నం ఎండలో ఆరుబయట పని 2007 నుంచి నిషేధం. అయినా ఎండదెబ్బ మధ్యాహ్నానికే పరిమితం కాదు. నీళ్ళు తక్కువై, మూత్రపిండాల్లో రాయి కదిలి, మెలికలు తిరిగిపోతూ వస్తారు. అరబ్బీ రాదు, ఇంగ్లీషు రాదు. "ఎక్కడన్నా నొప్పి?" అని తెలుగులో అడిగితే ముందు నొప్పి చెప్పరు, ముందు ఏడుస్తారు.

ఒక కోనసీమ అమ్మ సంగతి చెబుతాం. చాలా ఏళ్ళుగా ఒక బహ్రెయినీ ఇంట్లో పని. అరబ్బీ ఆ ఇంటివాళ్ళలాగే మాట్లాడుతుంది. మచ్బూస్, హరీస్, ముహమ్మర్ ఆవిడ చేతిలో పెట్టినట్టుంటాయట, ఆ ఇంటి ముసలావిడే మాతో చెప్పింది. హరీస్ అంటే గోధుమలూ మాంసమూ గంటల తరబడి ఉడికించి, చెక్క తెడ్డుతో మెత్తగా మెదిపి నెయ్యి పోసే రంజాను వంట. హైదరాబాదు బార్కాస్‌లో అరబ్బుల సంతతివారు ఈనాటికీ వండుకునేదీ, 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు హలీముకు మూలమైనదీ ఇదే. మేము ఆవిడతో మాటల్లో, "ఉగాది వస్తోంది కదమ్మా" అన్నాం. "ఎప్పుడండీ?" అంది. తరవాత మెల్లిగా, "రంజాన్లో వచ్చిందా ఈసారి? అయితే నాకు పని ఎక్కువండి. పచ్చడి తిని తొమ్మిదేళ్ళయింది. ఇక్కడి పండగలన్నీ నేనే వండుతాను, నా పండగే నాకు ఎప్పుడొచ్చిందో తెలీదు" అంది. ఫిర్యాదుగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

మనం మన పిల్లలకు తెలుగు ఎందుకు నేర్పాలని తరచు చర్చించుకుంటాం. సభలు పెడతాం, తీర్మానాలు చేస్తాం. ఆ తెలుగుతో చెయ్యవలసిన పని ఒకటి మన గుమ్మం ముందే ఉంది. ఆసుపత్రిలో ఒక మేస్త్రీ చెప్పలేని నొప్పిని చెప్పడానికి అది పనికొస్తుంది. ఎప్పుడొచ్చిందో తెలియని పండుగను ఒక అమ్మకు గుర్తు చేయడానికి పనికొస్తుంది. వేదిక మీద చదివే పద్యాలకు కూడా అప్పుడే బరువు వస్తుంది.

అందుచేత సంఘం పెద్దల ముందూ, సభ్యుల ముందూ నాలుగు సూచనలు పెడుతున్నాం.

ఒకటి: ఉగాది వేడుక శుక్రవారం జరిగినా, పచ్చడి మాత్రం ఉగాది నాడే కలిపి, చిన్న గిన్నెల్లో కార్మికుల బసలకు చేర్చాలి. నాలుగు కార్లూ, ఎనిమిది మంది మనుషులూ చాలు. ఖర్చు ఒక వేదిక అలంకరణలో పదోవంతు కాదు.

రెండు: ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళకు పంపేటప్పుడు ఆ ఇంటి యజమానురాలికి కూడా ఒక గిన్నె పంపాలి. ఈ దేశంలో ఇఫ్తారుకు ముందు ఇంటినుంచి ఇంటికి గిన్నెలు తిరుగుతాయి. మన ఊళ్ళలో లాగే, ఇక్కడ కూడా వచ్చిన గిన్నెను ఖాళీగా పంపరు. ఒక గిన్నె లోపలికి వెళితే, ఆ ఇంటి వంటమనిషికి ఒక సాయంత్రపు సెలవు అడగడం తేలిక.

మూడు: కార్మికులకు వేడుకలో టిక్కెట్టు ఉండకూడదు, వెనక వరసా ఉండకూడదు. వాళ్ళలో పాడేవారున్నారు, ఒగ్గు కథ చెప్పగలవారున్నారు, డప్పు వాయించేవారున్నారు. మన పిల్లలు ఆ డప్పు దరువు దగ్గరనుంచి వినాలి.

నాలుగు: ఆసుపత్రిలో తెలుగు రోగికి మాట సాయం చెయ్యగలవారి పేర్లు ఒక పట్టీగా రాసి సంఘం దగ్గర ఉంచాలి. డాక్టరే కానక్కరలేదు. తెలుగూ, ఇంగ్లీషో అరబ్బీయో వచ్చి, రాత్రివేళ ఫోను ఎత్తే ఓపిక ఉంటే చాలు. మా పేరు ఆ పట్టీలో మొదట రాసుకోండి.

వీటికి తోడు ఒక చిన్న కోరిక. వంటల పోటీకి ఈసారి న్యాయనిర్ణేతగా ఆ కోనసీమ అమ్మలాంటి వారిని పిలుద్దాం. మచ్బూస్‌లో లూమీ ఎప్పుడు వెయ్యాలో, ముహమ్మర్‌కు పాకం ఎంతదాకా రావాలో మనలో ఎవరికన్నా వాళ్ళకే బాగా తెలుసు. వాళ్ళు మనకు ఈ దేశపు వంట నేర్పుతారు, మనం వాళ్ళకు మన దేశపు పండుగ గుర్తుచేద్దాం. బేరం మనకే లాభం.

షడ్రుచులూ ఒకే గిన్నెలో ఉంటేనే ఉగాది పచ్చడి. తీపి ఒక గదిలో, చేదు ఒక గదిలో వడ్డిస్తే దాన్ని పచ్చడి అనరు. సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ రాబోయే పండుగల శుభాకాంక్షలు. గిన్నెలు పంచే కార్లలో ఒకటి మాది. తక్కిన మూడూ ఎవరివో ఈ నెలాఖరులోగా సంఘం కార్యదర్శిగారికి తెలియజేయ ప్రార్థన.